గుంత పడకముందే రోడ్డుకు పూత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానలు వెనక్కి తగ్గి రోడ్లు ఆరుతున్న రోజులు కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కాలనీ రోడ్ల గురించే. గుంతల మీద కోపం అందరికీ ఉంది, అది న్యాయమైన కోపమే. కానీ ఒకరిద్దరు మాత్రం గుంత పడకముందు ఏం చేయొచ్చని అడిగారు. అందరూ అడగాల్సిన ప్రశ్న అదే కాబట్టి దానితోనే మొదలుపెడుతున్నాను, జవాబు కాస్త పొడవుగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మా కాలనీలో బీటీ (తారు) రోడ్డు వేసి నాలుగేళ్లయింది. గుంతల్లేవు. కానీ నలుపంతా పోయి బూడిద రంగుకు వచ్చింది, అక్కడక్కడ సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయి. ఇంజినీరు గారిని అడిగితే "రోడ్డు బాగానే ఉంది కదమ్మా, పాడైతే అప్పుడు చూద్దాం" అన్నారు. ఇప్పుడే పైన ఏదైనా పూత వేయించొచ్చా? – ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: వేయించొచ్చమ్మా, అసలు వేయించాల్సింది ఇప్పుడే. పాడయ్యాక ఈ పూతలు దేనికీ పనికిరావు.

తారు రోడ్డులో బరువు లెక్కన చూస్తే తారు నూటికి ఐదు పాళ్లు మాత్రమే, మిగతాదంతా కంకర, ఇసుక, రాతి పొడి. ఆ ఐదు పాళ్ల తారే మొత్తాన్ని పట్టి ఉంచుతుంది. మన ఎండాకాలం సంగతి తెలిసిందే, మే నెలలో గాలి 42 డిగ్రీలుంటే నల్లటి రోడ్డు పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కు పైపొరలోని తారు ఏటికేడు గట్టిపడుతుంది, గట్టిపడి పెళుసవుతుంది, సాగే గుణం పోతుంది. మీరు చూస్తున్న బూడిద రంగు అదే. కంకర రాళ్ల నెత్తి మీది తారు అరిగిపోయి రాయి రంగు బయటపడింది, రాళ్ల మధ్య ఉన్న తారు ఎండిపోయింది. తర్వాత సన్నటి పగుళ్లు వస్తాయి, పగుళ్లలోకి వాన నీరు దిగుతుంది, దాని మీద టైరు ఎక్కినప్పుడల్లా ఆ నీరు ఒత్తిడితో లోపలికి దూసుకెళ్లి రాయి నుంచి తారును ఊడదీస్తుంది.

ఇందులో మన ఊరికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. హైదరాబాద్ చుట్టుపక్కల క్రషర్ల నుంచి వచ్చే కంకర ఎక్కువగా గ్రానైటే. గట్టిదనంలో దానికి తిరుగులేదు, కానీ సిలికా ఎక్కువున్న రాయి కావడంతో తడి తగిలితే తారును సులువుగా వదిలేస్తుంది, అది తారు కంటే నీటికే ముందు దగ్గరవుతుంది. అందుకే జాగ్రత్తగా చేసేవాళ్లు మిశ్రమంలో సున్నం గానీ తారు ఊడకుండా చేసే మందు గానీ కలుపుతారు. ఏం కలిపినా సరే, నీరు లోపలికి దిగనివ్వకపోవడమే అసలైన రక్షణ. పూతలన్నీ చేసే పని ఇదే: నీటిని ఆపుతాయి, కింది తారును ఎండ నుంచి కాపాడతాయి. రోడ్డుకు కొత్తగా బలం మాత్రం ఇవ్వవు, ఈ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి.

మీరు చెప్పిన పరిస్థితికి, అంటే రంగు మారి సన్నటి గీతలు పడిన రోడ్డుకు, అన్నిటికన్నా తేలికైనది ఫాగ్ సీల్. తారును సన్నటి బొట్లుగా నీటిలో కలిపినదాన్ని ఎమల్షన్ అంటారు, దాన్ని ఇంకాస్త నీటితో పలచన చేసి రోడ్డంతా సమానంగా స్ప్రే చేయడమే. చదరపు మీటరుకు అర లీటరు నుంచి లీటరు దాకా పడుతుంది. మీ వీధి 200 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు అనుకుంటే 1200 చదరపు మీటర్లు, అంటే 600 నుంచి 1200 లీటర్లు, 200 లీటర్ల డ్రమ్ములు మూడు నుంచి ఆరు. చల్లినప్పుడు ముదురు గోధుమ రంగులో ఉంటుంది, నీరు విడిపోయి తారు రాతికి అంటుకునే కొద్దీ కళ్లముందే నల్లబడుతుంది. పూర్తిగా నల్లబడి చేతికి అంటకుండా ఆరేవరకు బండ్లను రానివ్వకూడదు, జారుతుంది. చివర్లో పలచగా సన్న ఇసుక చల్లడం మంచిది.

దానికి పై మెట్టు స్లర్రీ సీల్, ఆ పైన మైక్రో సర్ఫేసింగ్. రెండింటిలోనూ సన్న కంకర పొడి, ఎమల్షన్, నీరు, కొద్దిగా సిమెంటు కలిపి జావగా చేసి మెషిన్‌తో పరుస్తారు. తేడా ఏమిటంటే, స్లర్రీ ఎండకు నీరు ఆవిరై ఆరుతుంది, కాబట్టి టైమ్ పడుతుంది. మైక్రో సర్ఫేసింగ్‌లో వాడే ఎమల్షన్‌లో పాలిమర్ ఉంటుంది, రసాయన చర్యతోనే గట్టిపడుతుంది, ఎండ బాగుంటే గంటా రెండు గంటల్లో బండ్లు వదలొచ్చు. మందం 4 నుంచి 8 మిల్లీమీటర్లు, అంతే. ఇది కొత్తగా పుట్టుకొచ్చిన ప్రయోగమేమీ కాదు. 1970ల్లో జర్మనీలో తయారైంది, మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కూడా ఈ రెండు పూతల కోసమే ఎస్‌పీ 81 పేరుతో ప్రమాణాలు ప్రచురించింది. మీ ఇంజినీరు గారితో మాట్లాడేటప్పుడు ఆ పేరు చెప్పండి, మాట వేరేలా నడుస్తుంది.

ఏ పూతైనా ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాన్నే ఎక్కువగా ఎగ్గొడతారు. పగుళ్లు నింపడం. సుమారు 3 మిల్లీమీటర్ల కంటే వెడల్పున్న పగులును విడిగా శుభ్రం చేసి, దుమ్ము ఊది, రబ్బరు కలిపిన తారుతో గానీ సీలెంట్‌తో గానీ నింపాలి. దాన్ని అలాగే వదిలేసి పైన పూత వేస్తే కొన్నాళ్లకే అదే గీత మళ్లీ పైకి తేలుతుంది. 3 మిల్లీమీటర్లంటే ఎంతో అంచనా కావాలంటే ఏటీఎం కార్డులు నాలుగు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి, ఆ మందం.

ఇంకో పరీక్ష చెప్తాను, డబ్బు ఖర్చు లేదు. చిన్న వాన పడి వెలిసి, రోడ్డు పైన ఆరిపోయాక బయటికొచ్చి చూడండి. రోడ్డంతా ఆరినా పగుళ్ల వెంబడి నల్లటి తడి గీతలు మిగిలి ఉంటే నీరు లోపలికి దిగుతున్నట్టే. ఆ గీతలు ఆరకముందే ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకోండి, తేదీతో సహా. "రోడ్డు బాగానే ఉంది" అనే మాటకు అంతకన్నా మంచి జవాబు లేదు.

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే ఇంకో పొర వేసి పోతున్నారు. ఇప్పుడు మా గేటు రోడ్డు కంటే జానెడు కిందికి పోయింది, వాన పడితే నీళ్లన్నీ మా ఇంట్లోకే. మీరు చెప్పే పూతలతో ఈ బాధ తప్పుతుందా సార్?

జవాబు: ఇప్పటికే లేచిన ఎత్తు తగ్గదు, ఇకముందు పెరగకుండా మాత్రం ఆపొచ్చు. మామూలుగా ఒక్కసారి రీకార్పెటింగ్ చేస్తే 25 నుంచి 50 మిల్లీమీటర్ల పొర పడుతుంది, ఐదారు సార్లు అయితే మీరు చెప్పిన జానెడు వచ్చేస్తుంది. మ్యాన్‌హోల్ మూతలు గోతుల్లోకి పోవడం, వాటిని లేపడానికి మళ్లీ రోడ్డు తవ్వడం, ఆ చుట్టూ మళ్లీ గుంత పడటం, ఇదంతా ఆ ఎత్తుతో వచ్చిన తంటానే. మైక్రో సర్ఫేసింగ్ మహా అయితే 8 మిల్లీమీటర్లు కాబట్టి గడపకు గానీ మూతకు గానీ ఇబ్బంది ఉండదు. నా మట్టుకు నాకు ఇళ్ల మధ్య ఉన్న రోడ్లకు దీన్ని వాడాలనడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే, ఖర్చు సంగతి తర్వాత.

మీ రోడ్డు మాత్రం ఈసారి వేసే ముందు మిల్లింగ్ చేయమని అడగండి. పాత పొరను మెషిన్‌తో గీకి తీసేసి, ఆ లోతులోనే కొత్తది వేస్తారు. గీకిన తారు కంకర పారబోసేది కాదు, మళ్లీ వాడుకోవచ్చు. ఎస్టిమేట్‌లో మిల్లింగ్ ఉందో లేదో పని మొదలవకముందే కనుక్కోండి, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే ఎస్టిమేట్, ఎం.బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కాపీలు అడిగే హక్కు మీకుంది. పని అయిపోయాక అడిగితే ఏం లాభం.

వాలు కూడా చూసుకోండి. బీటీ రోడ్డుకు మధ్య నుంచి అంచుకు మీటరుకు రెండు, రెండున్నర సెంటీమీటర్ల వాలు ఉండాలి. పొర మీద పొర వేసే హడావుడిలో ఆ వాలు పోయి, నీరు రోడ్డు మధ్యలోనే నిలుస్తోంది.

ప్రశ్న: మా వీధిలో రోడ్డంతా చిన్న చిన్న పలకలుగా పగిలింది, రెండు చోట్ల కుంగింది కూడా. పైన స్లర్రీ కొడితే ఐదేళ్లు చూసుకోనక్కర్లేదని ఒక కాంట్రాక్టర్ అంటున్నాడు. కాలనీ సంఘం డబ్బులు పెట్టాలా వద్దా? – ఒక సంఘం కార్యదర్శి, ఉప్పల్

జవాబు: పెట్టొద్దు. ఇలా పలకలు పలకలుగా పగలడాన్ని ఎలిగేటర్ క్రాక్స్ అంటారు, అది పైపొర జబ్బు కాదు, కింది పొరలు బలహీనపడ్డాయని గుర్తు. పునాది కుంగిన గోడకు వెల్ల వేసినట్టే అవుతుంది. వాన తర్వాత ఆ పగుళ్ల పక్కన బురద మరకలు చూడండి, సన్నటి మట్టి పొడి పైకి వచ్చి ఎండిపోయి ఉంటే, బండ్లు ఎక్కినప్పుడల్లా లోపలి మట్టి నీటితో పాటు బయటికి తోసుకొస్తోందన్నమాట. అక్కడ పాడైన భాగాన్ని చతురస్రంగా కోసి, మెత్తబడిన మట్టి దాకా తీసి, కంకర పొరలు వేసి కుదించి, ఆపైన బీటీ వేయాలి. అది చేశాక, మిగిలిన బాగున్న భాగానికి కలిపి పూత వేయించండి, అప్పుడు డబ్బుకు విలువ ఉంటుంది.

అక్కడ కుంగడానికి కారణం ఏమిటో కూడా వెతకండి. మీ వీధిలోకి నీళ్ల ట్యాంకర్లు ఎన్ని వస్తాయి? 10,000 లీటర్ల ట్యాంకర్‌లో నీరే పది టన్నులు, బండి బరువు వేరు. రోడ్డుకు జరిగే నష్టం బరువును బట్టి నేరుగా పెరగదు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్‌లో రోడ్ల మీద లారీలు తిప్పి చేసిన పెద్ద పరీక్షలో, ఇరుసు మీద బరువు రెట్టింపైతే నష్టం సుమారు పదహారు రెట్లు అవుతుందని తేలింది. అంటే టన్ను ఇరుసు కారుతో పోలిస్తే పది టన్నుల ఇరుసు ఒక్కసారి పోవడం దాదాపు పదివేల కార్లు పోయినంత. కాలనీ రోడ్డును స్కూటర్లకు, కార్లకు సరిపోయేలా వేసి, దాని మీద ట్యాంకర్లు, రెడీమిక్స్ లారీలు తిప్పితే ఏ పూతా కాపాడలేదు. ట్యాంకర్ల కోసం ఒక వీధినే నిర్ణయించుకుని దాన్ని గట్టిగా వేయించుకోవడం కొన్ని కాలనీలు చేయగలిగే పనే.

ప్రశ్న: మాది సీసీ రోడ్డు. పగుళ్లు వస్తున్నాయి. పైన తారు పూస్తే సరిపోతుందా? – ఒక పాఠకుడు, సైదాబాద్

జవాబు: సరిపోదు. సిమెంటు రోడ్డుకు ఫాగ్ సీల్, స్లర్రీ లాంటివి కాదు, జాయింట్లు, పగుళ్లు శుభ్రం చేసి సీలెంట్ నింపడమే చేయాల్సింది. నాలుగైదు మీటర్లకొకటి చొప్పున అడ్డంగా కోసిన గాడి ఉంటుంది చూడండి, చాలా కాలనీల్లో దాన్ని నింపకుండానే వదిలేస్తారు, అందులో మట్టి చేరి, నీరు దిగి, స్లాబ్ అంచు పగులుతుంది. స్లాబ్ మధ్యలో అటు నుంచి ఇటు పెద్ద పగులుంటే అది వేరే కథ, ఆ పలకనే మార్చాలి.

ప్రశ్న: జూన్‌లో మా దగ్గర హడావుడిగా ప్యాచ్‌వర్క్ చేశారు, రెండు వానలకే కొట్టుకుపోయింది. పూతలు కూడా ఇంతేనా? ఏ నెలలో వేయాలి? – ఒక పాఠకురాలు, నాచారం

జవాబు: పూతలకు వాన అసలు పడదు. ఎమల్షన్ ఆరకముందే జల్లు పడితే మొత్తం కొట్టుకుపోయి నాలాలో కలుస్తుంది. మనకు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం, మే నెల మొదట్లో కూడా చేయొచ్చు గానీ అప్పుడప్పుడు వచ్చే గాలివానలను నమ్మలేం. జూన్ రెండో వారానికి రుతుపవనాలు వచ్చేస్తాయి కాబట్టి అప్పటికి రోడ్డుకు పూత పడి సిద్ధంగా ఉండాలి. కాబట్టి అడగడం ఇప్పుడే మొదలుపెట్టండి, కాగితాలు కదలడానికే రెండు మూడు నెలలు పడుతుంది, ఫిబ్రవరిలో అడిగితే పని జూన్‌లో పడుతుంది, అప్పుడు మళ్లీ ఇదే గోల.

ఇంతకన్నా నాకు బాధ కలిగించేది ఇంకోటుంది. పూత వేసిన వారానికే పైపు కోసమో కేబుల్ కోసమో రోడ్డు కోసేయడం. రోడ్డు కోసి పూడ్చిన చోట మట్టిని పొరలుపొరలుగా కుదించకపోతే అది తప్పకుండా కుంగుతుంది, అంచుల వెంట నీరు దిగుతుంది, అక్కడి నుంచి రెండు పక్కలా పాడవుతుంది. అందుకని పూత అడిగే ముందు మీ వీధిలో తాగునీటి పైపు, డ్రైనేజీ, గ్యాస్, ఇంటర్నెట్ వాళ్ల పనులు ఏమైనా మిగిలి ఉన్నాయా అని సంఘం తరఫున కనుక్కుని, అవి పూర్తయ్యాకే వేయించండి. 2019 చివర్లో జీహెచ్‌ఎంసీ సీఆర్‌ఎంపీ (సమగ్ర రోడ్ల నిర్వహణ కార్యక్రమం) కింద 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్ల నిర్వహణను ఐదేళ్లకు ఏజెన్సీలకు అప్పజెప్పింది. రోడ్డు వేసినవాళ్లే చాలా ఏళ్లు చూసుకోవాలన్న ఆ ఆలోచన మంచిది, అది లోపలి వీధులకు కూడా రావాలని నా గట్టి కోరిక. అప్పుడు కాంట్రాక్టరే గుంత పడకముందు పూత వేస్తాడు, ఎందుకంటే అది అతనికే చవక.

ప్రశ్న: మేం ఇంటి ముందు ఉన్నవాళ్లం, మెషిన్లు లేవు, ఎమల్షన్లు లేవు. మా చేతిలో ఏముంది చెప్పండి. – ఒక గృహిణి, తార్నాక

జవాబు: చాలా ఉందమ్మా. పొద్దున్నే మోటర్ వేసి మరిచిపోతే ఓవర్‌ఫ్లో పైపులోంచి నీళ్లు గంటసేపు రోడ్డు మీద పడతాయి కదా, ఏ వీధిలోనైనా చూడండి, ఆ పైపు కింద, ఆ ధార పారే దారిలోనే మొదటి గుంత ఉంటుంది. ఏడాదంతా తడిసే చోటు అది, వాన ఆగినా అక్కడ ఆగదు. ఆ పైపును మొక్కల వైపు గానీ ఇంకుడు గుంతలోకి గానీ తిప్పండి, ఫ్లోట్ వాల్వ్ పెట్టించండి. రోజూ పైపు పెట్టి కారు కడిగే వాళ్లకూ ఇదే మాట.

గేటు ముందు ర్యాంపు. రోడ్డు అంచున నీరు పారాల్సిన చోట సిమెంటు ర్యాంపు అడ్డంగా కట్టేస్తే నీరు రోడ్డు మీదే నిలుస్తుంది. ర్యాంపు గేటు లోపలికి జరగాలి, లేదంటే కింద పైపు ఉండాలి. పండక్కి, పెళ్లికి షామియానా వేసేటప్పుడు గడ్డపారతో రోడ్డుకు బొక్కలు పెడతారు, తీసేశాక వాటిని పూడ్చరు. ఇసుక నింపిన డబ్బాల్లో గుంజలు నిలబెడితే రోడ్డుకు బొక్కే పడదు.

దుమ్ము లేవకుండా ఉంటుందని మెకానిక్ షెడ్డు నుంచి పాత ఇంజిన్ ఆయిల్ తెచ్చి రోడ్డు మీద పోసేవాళ్లున్నారు, దయచేసి మానేయండి. డీజిల్, ఆయిల్ తారును కరిగిస్తాయి, కంకర చేతితో తీస్తే వచ్చేంత మెత్తబడుతుంది. పైగా అది వానతో మన బోర్లలోకే దిగుతుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ దారికి నల్లటి సీల్‌కోట్ వేస్తామని ఒకరు వచ్చారు. ఏం అడగాలి? పిల్లలు ఆడుకునే చోటు అది. – ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: మొదట అడగాల్సింది, అది దేనితో తయారైంది అని. బొగ్గు నుంచి వచ్చే కోల్‌తార్‌తో చేసిన పూత ఐతే వద్దనండి, అందులో క్యాన్సర్ కలిగించే పదార్థాలు ఎక్కువ, అమెరికాలో ఆస్టిన్ నగరం 2006లోనే దాన్ని నిషేధించింది. బిటుమెన్ ఎమల్షన్ (పెట్రోలియం నుంచి వచ్చే, రోడ్లకు వాడే తారుతో చేసినది) అని బిల్లులో రాసి ఇమ్మనండి. కిరోసిన్ కలిపి పలచన చేస్తామంటే ఒప్పుకోకండి, వాసనే కాదు, కింది తారు కూడా మెత్తబడుతుంది.

వేసేటప్పుడు బండ్లన్నీ బయట పెట్టించి, ఆయిల్ కారిన మరకలను సబ్బు నీళ్లతో రుద్ది కడిగించండి, ఆ మరక మీద ఏ పూతా అంటుకోదు. పూర్తిగా ఆరేవరకు, ఎండ బాగున్నా ఒక రోజు, పిల్లలను, స్కూటర్లను అటు వదలకండి. ఒకేసారి మందంగా కాకుండా రెండు పలచటి చేతులు వేయించండి, రెండో చేతిలో సన్న ఇసుక కలపమనండి. లేకపోతే మొదటి వానకే ర్యాంపు వాలు మీద టూవీలర్ జారుతుంది.